తాజ్‌మహల్ చూడ్డానికి వెళ్తున్నారా? రోజంతా ఇలా ప్లాన్ చేసుకోండి

తాజ్‌మహల్ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. సాంఘికశాస్త్రం పుస్తకంలో చూశాం, గోడ క్యాలెండర్ మీద చూశాం, టీ పొడి ప్యాకెట్ మీద చూశాం. దాంతో ఏమవుతుందంటే, వెళ్లినవాళ్లలో చాలామంది గేటు దాటగానే "ఆ, ఇదే" అనుకుంటారు. నీళ్ల కాలువ ముందు నాలుగు ఫొటోలు దిగి, గుంపుతో పాటు సమాధి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గంటలో బయటపడి పేఠా మిఠాయి కొట్టు ముందు తేలతారు. దాదాపు ఒక రోజంతా రైల్లో కూర్చుని వచ్చింది ఈ గంట కోసమా అని తిరుగు ప్రయాణంలో అనిపిస్తుంది.

టికెట్ మీద మూడు గంటల టైం ఇస్తారు. అది తక్కువేం కాదు. ఏది ముందు చూడాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది ముందే అనుకుని వెళ్తే సరిపోతుంది. మా ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ నేను చెప్పే వరస ఇది.

ముందు తేదీ కుదుర్చుకోండి

శుక్రవారం తాజ్‌మహల్‌కి సెలవు. మధ్యాహ్నం నమాజుకి స్థానికుల్ని తప్ప ఎవర్నీ రానివ్వరు. ఇది తెలియకుండా గురువారం రాత్రి రైలెక్కి వచ్చి, గేటు బయట నిలబడి గుమ్మటం కొస చూసి వెళ్లిపోయేవాళ్లు ప్రతి వారం కనిపిస్తారట. ఢిల్లీ నుంచి వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా శుక్రవారం నడవదు, అది గుర్తుపెట్టుకుంటే చాలు.

మనవాళ్లకి కుటుంబమంతా కలిసి కదిలే సెలవులు మూడే: దసరా, సంక్రాంతి, వేసవి. వీటిలో దసరా సెలవులు ఆగ్రాకి బాగా కలిసొస్తాయి. వానలు తగ్గిపోయి ఉంటాయి, చలి ఇంకా ముదరదు. సంక్రాంతికి మాత్రం వద్దనే అంటాను. డిసెంబర్ చివర నుంచి జనవరి నెలాఖరు దాకా ఆ ప్రాంతమంతా పొగమంచే. పొద్దున పది దాటినా ఎదురుగా ఉన్న తాజ్ కనిపించని రోజులుంటాయి. పైగా ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా నడుస్తాయి. వేసవి సెలవుల్లో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, నీడ తక్కువ. పిల్లల బడి అడ్డం రాకపోతే నవంబర్ గానీ, ఫిబ్రవరి, మార్చి గానీ హాయి. వేసవిలోనే కుదిరితే తెల్లవారుజామున లోపలికి వెళ్లి తొమ్మిదికల్లా బయటికి వచ్చేయండి, అంతే మార్గం.

వెన్నెల్లో చూడాలనే కోరిక ఉన్నవాళ్లకి ఒక మాట. పౌర్ణమి నాడు, దానికి ముందు రెండు రాత్రులు, తర్వాత రెండు రాత్రులు, మొత్తం అయిదు రాత్రులు అనుమతిస్తారు. శుక్రవారాలూ రంజాన్ నెలా ఉండదు. రాత్రి 8:30 నుంచి 12:30 దాకా, యాభై మంది చొప్పున, ఒక్కో జట్టుకి అరగంట. ఆ టికెట్ ముందుగానే తీసుకోవాలి, గేటు దగ్గరికి వెళ్లి అడిగితే దొరకదు. దగ్గరికి వెళ్లనివ్వరు, ప్రధాన ద్వారం పక్కనున్న ఎర్రరాతి వేదిక మీద నుంచే చూడాలి. అందమైన అనుభవమే, కాదనను. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లు పగటి టికెట్ మానేసి దీన్ని ఎంచుకోవద్దు. తాజ్‌లో చూడాల్సింది సగానికి పైగా దగ్గరికి వెళ్తేనే కనిపిస్తుంది.

రైలు, బస

ఆగ్రాలో స్టేషన్లు చాలా ఉన్నాయి. మనకి కావలసింది ఆగ్రా కంటోన్మెంట్. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతాయి. విజయవాడ, వరంగల్ మీదుగా పోయే తమిళనాడు, గ్రాండ్ ట్రంక్, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఆగుతాయి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక సౌకర్యం ఉంది, పొద్దున ఎక్కితే మర్నాడు తెల్లవారుజామున దింపుతుంది. స్టేషన్లోనే మొహం కడుక్కుని, సామాను క్లోక్ రూమ్‌లో పడేసి, నేరుగా తాజ్ దగ్గరికి వెళ్లొచ్చు. రైలు టైములు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసేటప్పుడు మరోసారి చూసుకోండి.

ఢిల్లీలో దిగి వెళ్లేవాళ్లకి హజ్రత్ నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఉంది, గంటా నలభై నిమిషాల ప్రయాణం. కారులో అయితే యమునా ఎక్స్‌ప్రెస్‌వే, 2012లో తెరిచిన 165 కిలోమీటర్ల రోడ్డు. కాకపోతే ఢిల్లీ నుంచి పొద్దున బయల్దేరితే తాజ్ చేరేసరికి పది అవుతుంది, అది జనం ముంచెత్తే వేళ. ముందు రాత్రే ఆగ్రా చేరి తాజ్ పక్కనే ఉన్న తాజ్‌గంజ్‌లో గానీ తూర్పు గేటు వైపు గానీ పడుకుంటే మర్నాటి పొద్దు మొత్తం మీదే.

టికెట్, గుర్తింపు కార్డు, సంచి

టికెట్ పురావస్తు శాఖ వెబ్‌సైట్లో ఆన్‌లైన్లో తీసుకోండి. ప్రస్తుతం భారతీయులకి ప్రవేశం 50 రూపాయలు, పాలరాతి వేదిక ఎక్కి ప్రధాన సమాధి లోపలికి వెళ్లాలంటే ఇంకో 200. పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఏది నమోదు చేస్తే అది వెంట ఉంచుకోండి. విదేశీయుల టికెట్ 1100, పైన 200. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన అన్నయ్య కుటుంబాన్ని తీసుకెళ్తున్నారనుకోండి, పాస్‌పోర్ట్ విదేశానిదైనా ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే జాతీయ కట్టడాల దగ్గర భారతీయుల టికెట్టే వర్తిస్తుంది. అసలు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్లో ఫొటో ఉందంటే కౌంటర్ దగ్గర వాదనకి దిగాల్సి వస్తుంది.

200 రూపాయల టికెట్ అందరికీ అవసరమా? మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకి అక్కర్లేదు. వేదిక ఎక్కాలంటే మెట్లున్నాయి, లోపల ఊపిరాడనంత జనం. ఆవిడ తోటలో చెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే తాజ్ మీకంటే బాగా ఆవిడకే కనిపిస్తుంది. మిగతావాళ్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

సంచి సంగతి ముఖ్యం. పెద్ద బ్యాగులు, తినే పదార్థాలు, చాక్లెట్లు సహా, పొగాకు, అగ్గిపెట్టె, లైటర్, చాకు, మొబైల్ ఛార్జర్, ఇయర్‌ఫోన్లు, ట్రైపాడ్ ఇవేవీ లోపలికి పంపరు. వక్కపొడి ప్యాకెట్ పాకెట్లో మర్చిపోయిన మామయ్య ఒక్కడి వల్ల ఇంటిల్లిపాదీ లైన్లో ఆగిపోతారు. ఆడవాళ్లకి వేరు లైను, మగవాళ్లకి వేరు లైను. ఒకరి దగ్గరే సామానంతా ఉంటే మిగతావాళ్లు అవతల ఎదురు చూడాలి. ఫోన్, నీళ్ల సీసా, పర్సు, కార్డు చాలు. మిగతావి గది దగ్గరే వదిలేయండి, లేదంటే గేటు దగ్గర క్లోక్ రూమ్ ఉంది.

ఏ గేటు?

ఇప్పుడు లోపలికి వెళ్లడానికి తూర్పు గేటు, పడమటి గేటు. దక్షిణ గేటు నుంచి లోపలికి రానివ్వడం లేదు. పడమటి వైపు ఊరి జనం, బస్సుల జనం ఎక్కువ. పొద్దున్నే వెళ్తే తూర్పు గేటు నయం. కాకపోతే అటు వచ్చే వాహనాలు శిల్పగ్రామ్ అనే చోట ఆగిపోతాయి, అక్కణ్ణుంచి గేటు దాదాపు కిలోమీటరు. పొగ వదిలే బండ్లని తాజ్ దగ్గరికి రానివ్వరు కాబట్టి బ్యాటరీ బండి ఎక్కాలి, లేదా నడవాలి. పొద్దున చల్లగాలికి నడకే బాగుంటుంది.

సూర్యోదయానికి అరగంట ముందు గేట్లు తీస్తారు, సూర్యాస్తమయానికి అరగంట ముందు మూసేస్తారు. గేటు తెరిచే వేళకి లైన్లో ఉండండి. ఆ మొదటి గంటలో దొరికే ఖాళీ తర్వాత రోజంతా దొరకదు.

దారిలో మీ పక్కన చేరి "ఈ గేటు ఈ రోజు మూసేశారు", "లైన్ లేకుండా పంపిస్తా", "టికెట్లు అయిపోయాయి, నా దగ్గరున్నాయి" అనేవాళ్లుంటారు. ఆగ్రాలో వీళ్లని లప్కాలంటారు. బదులు చెప్పకుండా నడవండి. "నహీ" అన్నా సంభాషణ మొదలైనట్టే లెక్క. గైడు కావాలంటే ప్రభుత్వ గుర్తింపు కార్డు చూసి, ఎంత, ఎంతసేపు, కొట్లకి తీసుకెళ్లకూడదు అనే మూడు సంగతులు ముందే తేల్చుకోండి.

లోపల: ఈ వరసలో చూడండి

గేటు దాటగానే ఎర్రరాతి ముంగిలి వస్తుంది. ఇక్కడ ఎవరూ ఆగరు, అందరి కాళ్లూ పరుగు మీదుంటాయి. మీరు ఆగండి. ప్రధాన ద్వారం మీద తెల్లరాతిలో నల్ల అక్షరాలు పొదిగి ఉంటాయి. ఖురాన్‌లో 89వ సూరా (అధ్యాయం) అది, 'అల్ ఫజ్ర్', ప్రభాతం. 'నా స్వర్గంలోకి ప్రవేశించు' అనే అర్థంతో ముగుస్తుంది, తోట గుమ్మం మీద రాయడానికి అంతకంటే తగిన మాట ఏముంటుంది! ఆ రాత అమానత్ ఖాన్ అనే లేఖకుడిది. ఇప్పుడు కింది అక్షరాన్నీ పై అక్షరాన్నీ పోల్చి చూడండి. రెండూ ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి పైకి పోయేకొద్దీ అక్షరాలు పెద్దవి చేస్తూ పోయారు, కింద నిలబడిన మన కంటికి చిన్నవిగా తోచకుండా. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూస్తే అర్థమవుతుంది. ద్వారం పైన వరసగా చిన్న గుమ్మటాలుంటాయి, ముందు పదకొండు, వెనక పదకొండు. ఇరవై రెండేళ్లు కట్టారు కాబట్టి ఇరవై రెండు అని గైడ్లు చెప్తారు. వినడానికి బాగుంటుంది, అంతవరకే.

తర్వాత ద్వారం కమాను. లోపలికి అడుగు పెట్టకముందు కాస్త దూరంలో నిలబడితే కమాను నిండా తాజే ఉంటుంది, చెయ్యి చాస్తే తగిలేటట్టు. మెల్లగా ముందుకి నడవండి. కమాను విచ్చుకుంటున్నకొద్దీ తోట, ఆకాశం, మినార్లు చోటు చేసుకుంటాయి, తాజ్ వెనక్కి జరిగి చిన్నదైపోతుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే మళ్లీ పెద్దదవుతుంది. పిల్లలకి ఈ ఆట నేర్పితే వాళ్లు మిమ్మల్ని అక్కణ్ణుంచి కదలనివ్వరు. ఏ ఫొటోలోనూ ఇది రాదు, నడిస్తేనే తెలుస్తుంది.

కమాను దాటగానే మెట్ల మీద అందరూ ఆగిపోతారు, అందరికీ అదే ఫొటో కావాలి. మీకూ కావాలంటే ఒకటి తీసుకుని కదలండి. నీడ నీళ్లలో బాగా పడేది ఇంకా ముందుకి వెళ్లాక, కాలువ అంచున వంగి ఫోన్ నీళ్లకి దగ్గరగా పెట్టి తీసినప్పుడు. తోట మధ్యలో ఎత్తుగా పాలరాతి తొట్టి ఉంటుంది, అక్కడి బెంచీ మీదే 1992లో బ్రిటన్ యువరాణి డయానా ఒంటరిగా కూర్చుని ఫొటో దిగింది. అప్పట్నుంచి ఆ బెంచీకి ఆవిడ పేరే. అక్కడా లైన్ ఉంటుంది. నేనైతే వదిలేయమంటాను.

తొట్టి దగ్గర్నుంచి తిన్నగా తాజ్ మీదికి పోకుండా కుడివైపు, అంటే తూర్పుకి తిరగండి. తాజ్‌కి రెండు పక్కలా ఒకేలా ఉండే ఎర్రరాతి భవనాలు రెండున్నాయి. ఎడమది మసీదు. కుడిది దానికి జోడుగా, అందం కుదరడం కోసం కట్టింది. తేడా ఎలా పట్టుకోవాలంటే, మసీదులో పడమటి గోడకి మిహ్రాబ్, అంటే నమాజు దిక్కు చూపే గూడు ఉంటుంది. నేల మీద ఒక్కొక్కరు నమాజు చేసుకునే చోట్లు గీతలతో విడదీసి ఉంటాయి, ఐదు వందలకి పైగా. కుడి భవనంలో ఇవేవీ ఉండవు. పొద్దున పూట ఈ కుడి భవనం కమానులోంచి చూస్తే ఎండ తాజ్ తూర్పు ముఖం మీద తిన్నగా పడుతుంటుంది. జనం తక్కువ, వెలుగు ఎక్కువ. సాయంత్రం వెళ్లినవాళ్లు ఇదే పని మసీదు వైపు నుంచి చేయాలి.

ఇక్కణ్ణుంచి మినార్లని కూడా గమనించండి. నలభై మీటర్లు దాటిన ఆ నాలుగూ నిటారుగా లేవు, కొద్దిగా బయటికి ఒరిగి ఉన్నాయి. భూకంపం వచ్చి కూలినా సమాధి మీద పడకూడదని అలా కట్టారంటారు. ఒక మినారు అంచుని పక్కనున్న ఏదైనా నిలువు గీతతో కలిపి చూస్తే ఆ వాలు దొరుకుతుంది.

వేదిక మీద, లోపల

మెట్లెక్కే ముందు చెప్పులు విప్పాలి, లేదా కవర్లు తొడుక్కోవాలి. కవర్లు ముందే దగ్గరుంచుకుంటే చెప్పుల కోసం మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది.

200 రూపాయల టికెట్ దేనికన్నానో ఇప్పుడు. గోడల కింది భాగంలో పూల మొక్కలు చెక్కి ఉంటాయి. ఉలితో పాలరాతిలోంచే పైకి తీసిన పూలు, రంగు లేదు. వాటి చుట్టూ అంచుల్లో రంగు రంగుల తీగలుంటాయి. చాలామంది అవి రంగులతో వేశారనుకుంటారు. పక్కకి జరిగి, మొహం గోడకి జానెడు దూరంలో పెట్టి చూడండి, చెయ్యి పెట్టొద్దు. ప్రతి ఆకూ, ప్రతి రేకూ విడివిడి రాతి ముక్క. పాలరాతిలో ఆ ఆకారానికి గాడి తొలిచి, అఫ్ఘానిస్తాన్ నీలిరాయి, ఎర్రటి అకీకు, పచ్చలాంటి జేడ్ ముక్కల్ని అందులో కూర్చోబెట్టారు. పర్చిన్‌కారీ అంటారు ఈ పనిని. లోపల సమాధుల చుట్టూ ఉన్న ఎనిమిది మూలల పాలరాతి జాలీ (చిల్లుల తెర) మీద ఇది పతాకస్థాయికి చేరింది. అక్కడ ఒకే ఎర్రపువ్వుని తీసుకుని చూడండి. రేకు మొదట ముదురు ఎరుపు, చివరకి వచ్చేసరికి లేత నారింజ. రంగు కలపలేదు, ఒక్కో ఛాయకి ఒక్కో రాతి పలక ఏరి, కోసి, పక్కపక్కన అతికారు. అతుకు కంటికి దొరకదు. జనం వెనకనుంచి నెడుతుంటారు, కాపలావాళ్లు విజిల్ వేస్తుంటారు. అయినా గోడ వైపు ఒదిగి ఒక్క పువ్వు దగ్గర నిమిషం నిలబడండి. సమాధి లోపల ఫొటోలు నిషిద్ధం, కాబట్టి ఫోన్ జేబులో ఉంటుంది, ఇలా చూడ్డానికి అదీ మంచిదే.

జాలీలోంచి కనిపించే రెండు సమాధుల్లో సరిగ్గా గుమ్మటం కింద, నట్టనడుమ ఉన్న చిన్నది ముంతాజ్ మహల్‌ది. దాని పక్కన పడమటి వైపు ఉన్న పెద్దది షాజహాన్‌ది. కుడి ఎడమలు అంగుళం తేడా లేకుండా కట్టిన ఈ సముదాయంలో జోడు కుదరనిది ఆ ఒక్కటే. 1631లో బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పులో ముంతాజ్ చనిపోయింది, మరుసటి ఏడాది పని మొదలైంది, చుట్టూ అన్ని కట్టడాలూ పూర్తయ్యేసరికి 1653 వచ్చింది. చక్రవర్తిని ఆ పక్కన పెట్టింది 1666లో. మీరు చూసేవి పై సమాధులు మాత్రమే. అసలువి సరిగ్గా వాటి కింద నేలమాళిగలో ఉన్నాయి. ఏటా షాజహాన్ ఉర్సు జరిగే మూడు రోజులు తప్ప అది మూసే ఉంటుంది.

బయటికి రాగానే మెట్లు దిగిపోకండి. తాజ్ వెనక్కి వెళ్లండి, యమున వైపు. ఎదురుగా అవతలి ఒడ్డున ఒక తోట, ఎడమవైపు దూరంగా ఆగ్రా కోట. మధ్యాహ్నం, సాయంత్రం మీరు వెళ్లబోయేవి ఈ రెండే.

గైడ్లు చెప్పే కథలు రెండు

తాజ్ కట్టిన పనివాళ్ల చేతులు షాజహాన్ నరికించాడన్నది ఒకటి. దానికి ఆధారం లేదు. తాజ్ పని నడుస్తుండగానే, 1639లో షాజహాన్ ఢిల్లీలో కొత్త రాజధాని కట్టడం మొదలుపెట్టాడు. అంత పనితనం ఉన్నవాళ్ల చేతులు నరుక్కుంటే అక్కడి ఎర్రకోట ఎవరు కడతారు?

రెండోది నల్ల తాజ్. అవతలి ఒడ్డున తనకోసం నల్లరాతితో ఇంకో తాజ్ కట్టాలనుకున్నాడని. అక్కడ తవ్వితే బయటపడింది పెద్ద ఎనిమిది మూలల కొలను, తోట పునాదులు. నల్లరాళ్లనుకున్నవి కాలానికి నల్లబడ్డ తెల్లరాళ్లే. నాకైతే ఆ తవ్వకాల్లో తేలిన సంగతే కథ కంటే గొప్పగా ఉంది. మామూలుగా మొఘల్ తోటల్లో సమాధి మధ్యలో ఉంటుంది, తాజ్ మాత్రం తోట చివర ఉన్నట్టు కనిపిస్తుంది. అవతలి తోటని కూడా కలిపి చూస్తే తాజ్ మధ్యలోనే ఉంది. యమునని కూడా తోటలో కాలువలా కలిపేసుకున్నారన్నమాట.

పాలరాయి అక్కడక్కడా పసుపుగా, మరకలుగా కనిపిస్తే అది మీ కళ్ల తప్పు కాదు. గాలిలో మసి, దుమ్ము ఒక కారణం. యమున మురికిలో పెరిగే చిన్న పురుగులు గోడల మీద వాలి ఆకుపచ్చ మరకలు వదలడం 2016లో పెద్ద వార్త అయింది. పురావస్తు శాఖవాళ్లు ముల్తానీ మట్టి పూసి, ఆరాక కడిగి శుభ్రం చేస్తారు. ఆ పని నడిచేటప్పుడు ఏదో ఒక పక్క కట్టెలు కట్టి ఉంటాయి.

తాజ్ తర్వాత

తొమ్మిదింటికల్లా బయటపడతారు, ఆకలి దంచేస్తుంటుంది. హోటల్లో ఇడ్లీ వెతుక్కోవద్దు. ఆగ్రావాళ్ల పొద్దుటి తిండి బేడయీ, పక్కన కారం కారంగా ఆలూ కూర, చివర్లో వేడి జిలేబీ. బేడయీ అంటే లోపల మినప్పిండి ముద్ద పెట్టి వేయించిన గట్టి పూరీ. మన నోటికి ఇబ్బంది లేదు.

ఎండ ముదిరేలోగా గది చేరి ఓ కునుకు తీసి, మధ్యాహ్నం దాటాక కోటకి వెళ్లండి. ఇది శుక్రవారం కూడా తెరిచే ఉంటుంది. అక్బర్ కట్టించిన ఎర్రరాతి కోట, అమర్‌సింగ్ గేటు నుంచి లోపలికి వెళ్లాలి. ఓపిక లేకపోతే మిగతా మహళ్లు వదిలేసినా నది వైపున్న ఎనిమిది మూలల బురుజు, ముసమ్మన్ బుర్జ్ మాత్రం చూడండి. 1658లో ఔరంగజేబు తండ్రిని ఈ కోటలోనే బందీ చేశాడు. ఎనిమిదేళ్లు, చనిపోయేదాకా, కూతురు జహనారా తోడుగా షాజహాన్ ఇక్కడే ఉన్నాడు. నది వంపు మీదుగా తాజ్ ఎంత దూరంగా, ఎంత స్పష్టంగా కనిపిస్తుందో అక్కడ నిలబడే చూడాలి.

కోట నుంచి ఆటో మాట్లాడుకుని యమున దాటండి. అవతలి ఒడ్డున రెండు చోట్లు కలిపి మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. మొదటిది ఇతిమాదుద్దౌలా సమాధి. నూర్జహాన్ తన తండ్రి కోసం 1622-28 మధ్య కట్టించింది, అంటే తాజ్ కంటే ముందు. పొద్దున చూసిన రాతి పొదుగుడు పని ఇక్కడ గోడలంతా ఉంటుంది, తోసుకునే జనం ఉండరు. తీరిగ్గా చూడాలనుకున్న పువ్వు దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. రెండోది మెహతాబ్ బాగ్, పొద్దున తాజ్ వెనక నుంచి చూసిన తోట. సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందు చేరుకోండి. వెలుగు తాజ్ పడమటి అంచు మీద పసుపుగా మొదలై గులాబీకి తిరిగి చల్లారిపోతుంది. ఢిల్లీ రైలు ఉందని చాలామంది ఈ చివరి భాగం కోసేస్తారు. కోటలో అరగంట తగ్గించుకోండి గానీ దీన్ని వదలొద్దు.

ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) వైపు వెళ్లే పని ఉన్నవాళ్లకి చిన్న సలహా: అక్కడి బీబీ కా మఖ్బరా తాజ్‌కి పోలిక. ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను సమాధి, కొడుకు ఆజం షా కట్టించాడంటారు. హైదరాబాద్‌కి అదే దగ్గర. తాజ్ చూశాక చూస్తే కొలతలు కుదరడమంటే ఏమిటో అర్థమవుతుంది.

కొనుగోళ్లు

"అసలు పాలరాయి, తాజ్ కట్టిన కుటుంబాల పనితనం" అంటూ పళ్లేలు, పెట్టెలు, చిన్న తాజ్‌లు అమ్ముతారు. చాలా వాటిలో ఉన్నది బలపపు రాయి. తేల్చుకోవడం తేలిక: అడుగు భాగం తిప్పి గోరుతో గట్టిగా గీరండి. గీత పడితే, తెల్లపొడి రాలితే అది బలపం జాతి, పాలరాయి మీద గోరు గీత పడదు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే జవాబు. ఆటోవాడు తీసుకెళ్లిన కొట్టులో ధర రెట్టింపుకి పైగా చెప్తారు, అందులో వాడి వాటా ఉంటుంది. బేరం సగానికి తక్కువ నుంచి మొదలుపెట్టండి.

పేఠా బూడిద గుమ్మడికాయతో చేస్తారు. పేరున్న కొట్టు బోర్డుకి అక్షరం అటూ ఇటూ మార్చిన బోర్డులు వీధంతా ఉంటాయి, అందుకని బోర్డు చూడకుండా ముక్క రుచి చూసి కొనండి. పొడిగా, గట్టిగా ఉన్నవి మన ఊరు దాకా నిలుస్తాయి. పాకంలో ఊరే అంగూరీ పేఠా అక్కడే తినేయండి, రైల్లో డబ్బా కారితే బట్టలన్నీ చీమలే.